తలకొట్టిన కుంచం

ఇప్పుడంటే బస్తా పెట్టగానే కాటా మీద అంకెలు వెలుగుతున్నాయి గానీ, నా చిన్నతనంలో ఈ కొల్లేటి లంకల చుట్టుపక్కల కళ్లాల్లో కొలతంటే కుంచమేరా అబ్బాయ్. కొలిచేవాడు మొదటి కుంచాన్ని ఒకటి అనేవాడు కాదు, లాభం అనేవాడు. లాభం, రెండు, మూడు... నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి.

కౌలు ధాన్యం పుచ్చుకునేటప్పుడు ఆసామి కుంచం పోగెత్తి నిండేది. కూలికి కొలిచే వేళకి అదే కుంచం మీద కర్ర ఆడించి తలకొట్టేవారు. పుట్టికి ఎనభై కుంచాలు, అంటే ఎనభై పోగులు. ఒక ఇంటికి ఎన్నాళ్ల తిండో చూడు! పైగా మా ఊరి కుంచం పక్కూరి కుంచానికి సరిపోయేది కాదు. ఎవరినని అడుగుతాం? ఆ మట్ట మంటలోకి తొయ్యి, చెప్తా.

తాడేపల్లిగూడెం బజారుకెళ్తే వీశలు, మణుగులు. 1957 ఏప్రిల్లో నయాపైసలొచ్చాయి, మరుసటేడు అక్టోబరు నుంచి కిలోలు మొదలయ్యాయి. వీశంటే పద్నాలుగు వందల గ్రాములని మావాళ్లు వేళ్లమీద లెక్కగట్టుకునేవారు. వీశ పోయి కిలో వచ్చిందంటే ఏదో మోసం ఉందని భయం. నేనంటాను, కూలివాడికి అంతకంటే మేలు మరోటి జరగలేదు. ఏలూరులో కిలో ఎంతో ఢిల్లీలోనూ అంతే.

ఆ కిలోకి మూలం ప్యారిస్ పక్కన సేవ్ర్‌లో దాచిన ప్లాటినం, ఇరిడియం దిమ్మ. 1889 నుంచి దాని బరువే లోకానికి కిలో. మన దేశపు నకలు నంబరు 57, ఢిల్లీ నేషనల్ ఫిజికల్ లాబరేటరీలో ఉంది. నూరేళ్లయ్యేసరికి ఆ దిమ్మకీ దాని నకళ్లకీ దాదాపు 50 మైక్రోగ్రాముల తేడా తేలింది. సన్న ఇసుక రేణువంత. అంతేగదా అనకు. మూలమే కదిలితే, కళ్లంలో మాకు పట్టిన గతే లోకానికీ పడుతుంది. అందుకే 2019 మే 20 నుంచి దిమ్మని తప్పించి, ప్రకృతిలోనే ఉన్న ప్లాంక్ స్థిరాంకం మీద కిలోని నిలబెట్టారు. అది అరగదు, ఏ ఆసామి చేతిలోనూ ఉండదు. పేపర్లో చదివిన రోజు నాకెంత సంతోషమేసిందో!

అయినా చివరికి తూచేది మన చెరువుగట్టు మీదేగా. రేపు రొయ్యల పట్టుబడికి కాటా తెచ్చినప్పుడు తూనికలు కొలతల వాళ్ల ముద్ర ఉందో లేదో చూడు. ట్రే ఎక్కించకముందే సున్నా చూపించమను. కిలోకి ఎన్ని రొయ్యలో ఆ కౌంటు కూడా నీ ఎదురుగానే తియ్యమను.