గర్భిణి పాండిమ : కావ్యదృష్టి, వైద్యదృష్టి

గర్భిణి ఏమి తినాలన్న ప్రశ్నకు ప్రాచీన భారతీయ వాఙ్మయంలో రెండు సమాధానాలు కనిపిస్తాయి. శాస్త్రం నిర్ణయించినది తినాలన్నది మొదటిది; ఆమె మనసు కోరినది తినాలన్నది రెండవది. ఈ రెండింటి నేపథ్యంలో గర్భిణి పాలిపోయిన ముఖాన్ని కవి, వైద్యుడు ఎట్లా అర్థం చేసుకున్నారో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

చరకసంహిత శారీరస్థానం ఎనిమిదవ అధ్యాయం గర్భిణికి మాసానుమాసిక ఆహారాన్ని విధించింది. మొదటి నెలలో పాలు, మూడవ నెలలో తేనె, నేయి కలిపిన పాలు, నాలుగవ నెలలో పాల నుండి తీసిన వెన్న, ఎనిమిదవ నెలలో నేయి చేర్చిన పాలజావ అందులో ఉన్నాయి. సుశ్రుతుడు అరవై రోజులకు పండే షష్టికధాన్యపు అన్నాన్ని మూడవ నెలలో పాలతోను, నాలుగవ నెలలో పెరుగుతోను, ఆరవ నెలలో నేతితోను పెట్టమన్నాడు. పాడి సమృద్ధిగా ఉన్న ఇంటినే ఈ విధులు ఊహించుకున్నాయని గమనించాలి.

కోరికకు కూడా సుశ్రుతుడు శాస్త్రస్థాయి కల్పించాడు. తల్లి హృదయం, శిశుహృదయం కలిసి ఉన్నందున నాలుగవ నెలనుండి ఆమె ‘దౌహృదిని’. ఆమె కోరిక తీరకపోతే శిశువుకు హాని అని అతని మతం. ఈ భావనతో ముడిపడిన ‘దోహదం’ అనే మాట నేటి తెలుగులో ‘తోడ్పాటు’ అనే అర్థంలో స్థిరపడింది. గర్భిణి కోరిక అనే మూలార్థం వాడుకలో మరుగునపడింది.

కావ్యంలో ఈ కోరికకు ప్రసిద్ధరూపం మృద్భక్షణం. రఘువంశం మూడవ సర్గలో సుదక్షిణ మన్ను తింటుంది. పుట్టబోయేవాడు భూమిని ఏలేవాడు గనుక ముందే ఆ రుచి కోరిందని కాళిదాసు ఉత్ప్రేక్షించాడు. ఆమె పాలిపోయిన ముఖం అక్కడ అందమే. తెలుగు ప్రబంధకవుల గర్భిణీవర్ణనల్లోనూ ఈ సంప్రదాయం కొనసాగింది.

వైద్యుడు ఇదే లక్షణాన్ని వేరుగా చదివాడు. చరకసంహిత చికిత్సాస్థానం పదహారవ అధ్యాయం పాండురోగాన్ని ఐదు విధాలుగా విభజించి, మన్ను తినడంవల్ల కలిగేదాన్ని అందులో ఒకటిగా చెప్పింది. అయితే దానిని గర్భిణులకే పరిమితం చేయలేదు. మట్టి తినాలన్న కోరికకు, ఇనుము లోపానికి సంబంధముందని ఆధునిక వైద్యం గుర్తించింది. ఏది కారణం, ఏది ఫలితం అన్న చర్చ మాత్రం ఇంకా ముగియలేదు.

ఆధునిక కాలంలో ఈ పాండిమను ఆహారంతో ముడిపెట్టిన పరిశోధకుల్లో లూసీ విల్స్ ముఖ్యురాలు. ఆమె 1928లో బొంబాయి వచ్చి పేద గర్భిణుల రక్తహీనతను అధ్యయనం చేసింది. ఈస్ట్ సారమైన మార్మైట్‌తో అది నయమవుతుందని 1931లో ప్రకటించింది. అందులోని గుణకారి పదార్థాన్నే తరువాత ఫోలిక్ ఆమ్లంగా గుర్తించారు. ఆమె పనిచేసిన కూనూరులోని పోషకాహార పరిశోధనశాల 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. 1970లో దేశవ్యాప్తంగా మొదలైన రక్తహీనత నివారణ కార్యక్రమం గర్భిణులకు ఇనుము, ఫోలిక్ ఆమ్లం కలిసిన మాత్రలను ఇచ్చింది.

తెలంగాణలో 2015 జనవరి 1న ప్రారంభమైన ‘ఆరోగ్యలక్ష్మి’ పథకం అన్నం, పప్పు, కూరలతోపాటు గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు అంగన్‌వాడీ కేంద్రంలోనే వడ్డించేట్లు ఏర్పాటు చేసింది. ఇంటికి పంపిన సరుకు ఇంటిల్లిపాదికీ పంచి, చివరకు మిగిలినది తాను తినే స్త్రీకి ఈ ఏర్పాటు విలువ తెలుసు. చరకుడు ఊహించిన పాడి ఇల్లు లేనివారికి ఆ పాలు ఇక్కడ అందుతున్నాయి.

కాబట్టి గర్భిణీవర్ణనలను చదివేటప్పుడు పాండిమను అలంకారంగా మాత్రమే చూడటం అసంపూర్ణం. కవి సౌందర్యంగా చూసిన ఆ ముఖం వెనుక ఆకలిగొన్న శరీరం ఉండవచ్చునన్న ఎరుక సాహిత్య పరిశోధకునికీ అవసరం.