ఒకే ద్రాక్ష, రెండు పేర్లు: షెనిన్ బ్లాంక్ చరిత్ర

పంటల చరిత్ర అనగానే మీకు నీలిమందు, చెరకు, పత్తి గుర్తుకు వస్తాయి. ఈ భాగంలో మనం ఒక తెల్లద్రాక్ష రకాన్ని తీసుకుంటున్నాం. దాని పేరు షెనిన్ బ్లాంక్. మన దేశంలో నాసిక్ ప్రాంతపు తోటల్లో కూడా దీన్ని పెంచుతున్నారు. ఈ పాఠం చదవడానికి మీరు వైన్ రుచి చూసి ఉండనవసరం లేదు. ఒక మొక్క స్వభావం దాని చరిత్రను ఎంతవరకు నిర్ణయిస్తుంది, మనుషుల నిర్ణయాలు ఎక్కడి నుంచి మొదలవుతాయి అన్నదే ఇక్కడి ప్రశ్న.

లువార్ లోయలో

ఫ్రాన్స్‌లోని లువార్ నదీలోయ ఈ ద్రాక్షకు పుట్టినిల్లు. ఆ ప్రాంతంవాడే అయిన రాబ్లే 1534 ప్రాంతంలో ప్రచురించిన ‘గార్గాంట్యువా’ అనే హాస్యకథలో గొర్రెల కాపరులు గాయపడిన తోటివాని కాళ్లను పెద్ద షెనిన్ ద్రాక్షపండ్లతో కడిగి నయం చేస్తారు. హాస్యకథ చరిత్రకు ఆధారమవుతుందా అని మీకు సందేహం రావచ్చు. ద్రాక్షతో గాయం మానుతుందనడానికి అది ఆధారం కాదు. ఆ పేరుగల ద్రాక్ష అక్కడి పాఠకులకు అప్పటికే పరిచయమని చెప్పడానికి మాత్రం చక్కని ఆధారం.

ఈ తీగ త్వరగా చిగురిస్తుంది, ఆలస్యంగా పండుతుంది. ఒకే గుత్తిలో కొన్ని పండ్లు మాగి ఉండగా కొన్ని పచ్చిగానే ఉంటాయి. అందుకే మంచి తోటల్లో కోత ఒక్కసారితో ముగియదు. పండినవాటిని ఏరుకుంటూ కూలీలు మళ్లీ మళ్లీ తిరుగుతారు. అన్నిటికంటే ముఖ్యమైన గుణం, బాగా పండిన తరువాత కూడా పులుపు తగ్గకపోవడం. చక్కెర అంతా పులిసిపోనిస్తే తీపి లేని వైన్ వస్తుంది. మధ్యలో ఆపితే కొద్దిపాటి తీపి మిగులుతుంది. శరత్కాలపు మంచులో ఒక రకం బూజు పట్టి పండు ముడుచుకుంటే చిక్కని తీపి వైన్ వస్తుంది; అది దశాబ్దాలు నిలుస్తుంది. పూర్తిగా పండకముందే కోస్తే నురుగు వైన్‌కు పనికొస్తుంది. పులుసులో బెల్లం వేసినా మొహం మొత్తదు కదా, ఇదీ అంతే. సావెన్యేర్‌లో తీపి లేనిది, లేయాన్ నది గట్టున తీపిది, వూవ్రేలో ఏడాది వాతావరణాన్ని బట్టి అన్ని రకాలూ తయారవుతాయి.

అయితే వాతావరణమే అంతా నిర్ణయించలేదు. 17వ శతాబ్దంలో డచ్చి వర్తకులు ఈ లోయకు వచ్చి తీపి తెల్ల వైన్‌లను ఇష్టంగా కొన్నారు. ఆంజూ రైతులు ఆ గిరాకీ వైపే మొగ్గారు.

కేప్‌లో

ఆ డచ్చివారి ఈస్టిండియా కంపెనీయే 1652లో ఆఫ్రికా దక్షిణ కొసన కేప్ స్థావరాన్ని నెలకొల్పింది. మన మచిలీపట్నంలో వర్తక స్థావరం నడిపిన కంపెనీ కూడా ఇదే. 1655లో కేప్‌కు ద్రాక్ష తీగలు చేరాయి. కేప్ ద్రాక్షతో తొలిసారి వైన్ తీశామని స్థావరాధికారి యాన్ వాన్ రీబెక్ 1659 ఫిబ్రవరి 2న తన దినచర్యలో రాసుకున్నాడు. ఇక్కడ కొంచెం ఆగండి. అంతకు ముందు ఏడాదే అక్కడికి బానిసల ఓడలు వచ్చాయి. తరువాతి కాలంలో అంగోలా, మడగాస్కర్‌ల నుంచే కాక బెంగాల్, మలబారు, కోరమాండల్ తీరాల నుంచి కూడా మనుషులను కొని తీసుకువెళ్లారు. కేప్ తోటల్లో తవ్విందీ, కోసిందీ, తొక్కిందీ ఎక్కువగా ఈ బానిసలే.

1834లో బానిసత్వం రద్దయింది. కానీ కూలిలో కొంత భాగాన్ని చవక వైన్‌గా పోసే ‘డాప్’ పద్ధతి మిగిలింది. మన పల్లెల్లో గింజల కూలి కనీసం ఇంటికి చేరేది. ఈ కూలి మాత్రం మనిషిని మద్యానికీ, తోటకూ కలిపి కట్టేసింది. 20వ శతాబ్దంలో చట్టం నిషేధించిన తరువాత కూడా ఇది కొన్ని తోటల్లో సాగింది.

కేప్‌లో ‘స్టేన్’ అనే తెల్లద్రాక్ష విరివిగా పెరిగేది. వేడి నేలలో కూడా పులుపు నిలుపుకుంటుంది, దిగుబడి బాగా ఇస్తుంది. దాంతో దాన్ని బ్రాందీకీ, చవక వైన్‌కూ వాడారు. 1918లో ఏర్పడిన రైతుల సహకార సంఘం కె.డబ్ల్యు.వి. మిగులు వైన్‌ను బట్టీలకు మళ్లించేది. చల్లబరచి పులియబెట్టే విధానం వచ్చాక, స్టేన్ ప్రధానంగా తయారైన ‘లీబర్‌స్టీన్’ అనే కాస్త తియ్యని వైన్ 1959లో మార్కెట్‌లోకి వచ్చింది. 1964 నాటికి దాని అమ్మకం ఏడాదికి 3 కోట్ల 10 లక్షల లీటర్లు.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1960ల మధ్యలో, స్టెలెన్‌బాష్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఓర్ఫర్ ఆకులను పోల్చి చూసి, స్టేన్ వేరే రకం కాదనీ, లువార్‌లోని షెనిన్ బ్లాంకేననీ తేల్చాడు. ఫ్రాన్స్‌లో ఎంతో విలువ ఇచ్చే ద్రాక్షను ఇక్కడ తరతరాలుగా బ్రాందీకి పోస్తూ వచ్చారన్నమాట!

ఇప్పుడు ఈ రకం ఫ్రాన్స్‌లో కంటే దక్షిణాఫ్రికాలోనే ఎక్కువ విస్తీర్ణంలో ఉంది. ఒకప్పుడు చవక సరుకు కోసం నాటిన ముసలి తీగలు కాపు తగ్గినా చిక్కని రసం ఇస్తాయి. 1994 తరువాత కొత్త తరం తయారీదారులు వాటిని వెతికి పట్టుకున్నారు. 35 ఏళ్లు దాటిన తోటల వైన్ సీసాలకు, నాటిన సంవత్సరంతో ముద్ర వేసే ఏర్పాటు కూడా ఇప్పుడు ఉంది.

మీ ప్రగతిని పరిశీలించుకోండి: స్టేన్ ద్రాక్ష బ్రాందీ పంటగా మారడానికి దాని సహజ గుణాలు ఎంతవరకు కారణం? మార్కెట్ ఎంతవరకు కారణం? పది పంక్తులలో రాయండి.