కారు కింద ఆయిల్ చుక్కలు: గేర్‌బాక్స్ దించమనే ముందు చూసుకోవాల్సినవి

పాత కారు ఉన్న ఇంట్లో ఇంజిన్ ఆయిల్ కారడం మామూలు ఫిర్యాదే. బిల్లు మాత్రం ఒక్కో షెడ్డులో ఒక్కోలా వస్తుంది. ఒకచోట పదుల రూపాయల వాషర్‌తో పని అయిపోతుంది. ఇంకోచోట గేర్‌బాక్స్ కిందికి దించి వేలల్లో లెక్క వేస్తారు. చాలాసార్లు ఈ తేడాకు కారణం ఒక్కటే. ఆయిల్ పడే చోటు చూసి రిపేర్ మొదలుపెడతారు, అది పుట్టే చోటు ఎవరూ వెతకరు.

ఇంజిన్ పైభాగంలో బయటపడిన ఆయిల్ బరువుకు కిందికి జారుతుంది. కారు నడుస్తున్నప్పుడు గాలి దాన్ని వెనక్కి నెడుతుంది. దాంతో ట్యాపెట్ కవర్ దగ్గర మొదలైన లీకు కూడా ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోట చుక్కగా రాలొచ్చు. కింద పడుకుని చూసిన ఉస్తాద్‌కు అక్కడే తడి కనిపిస్తుంది కాబట్టి ‘క్రాంక్ వెనక సీల్ పోయింది’ అనేస్తాడు. అది అబద్ధమే కానక్కర్లేదు, తొందర కావచ్చు.

ముందుగా పడుతున్నది ఇంజిన్ ఆయిలేనా అని తేల్చుకోవాలి. రాత్రి కారు కింద పెద్ద అట్టముక్క పరిచి, ముందు చక్రాలు ఎక్కడున్నాయో పెన్నుతో గీసి పెట్టండి. ఏ భాగం కింద చుక్క పడిందో పొద్దున్నే తెలిసిపోతుంది. నల్లగా, గోధుమ రంగులో జిడ్డుగా ఉంటే ఇంజిన్ ఆయిల్. పచ్చగానో గులాబీ రంగులోనో ఉండి నీళ్లలా జారితే రేడియేటర్ కూలెంట్. ఎర్రగా ఉంటే ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌దో పవర్ స్టీరింగ్‌దో అయ్యుండొచ్చు. చక్రం దగ్గర లేత పసుపు ద్రవం కనిపిస్తే బ్రేక్ ఆయిల్ అని అనుమానించి, కారు రోడ్డెక్కించకుండా మెకానిక్‌నే ఇంటికి పిలవాలి. ఎండాకాలంలో ఏసీ నుంచి కారే మామూలు నీళ్లు చూసి కంగారు పడేవాళ్లూ ఉన్నారు, దానికి రిపేరేమీ లేదు.

తర్వాత డిప్‌స్టిక్. సమంగా ఉన్న చోట కారు ఆపి, ఇంజిన్ ఆపిన పది నిమిషాలకు తీసి తుడిచి, మళ్లీ పెట్టి చూడాలి. మట్టం రెండు గీతల మధ్య ఉంటే వెతకడానికి టైం ఉన్నట్టే. కింది గీత కంటే తగ్గితే ముందు అదే గ్రేడ్ ఆయిల్ కొద్దికొద్దిగా పోయాలి. పై గీత దాటేలా పోస్తే అదీ తప్పే, ఎక్కువైన ఆయిల్‌ను క్రాంక్ చిలికి నురుగు చేస్తుంది. డ్యాష్‌బోర్డ్ మీద ఎర్రటి ఆయిల్ డబ్బా గుర్తు వెలిగితే మాత్రం ఒక్క కిలోమీటరు కూడా నడపొద్దు. ఆ గుర్తు చెప్పేది ప్రెషర్ పడిపోయిందని. ఇంజిన్ సీజ్ అయితే ఆ ఖర్చు ముందు గేర్‌బాక్స్ దించిన కూలీ చిన్నదైపోతుంది. ఆ కారు మీదే ఇల్లు గడిచే ట్యాక్సీ డ్రైవర్‌కు ఇది ఇంకా పెద్ద దెబ్బ.

లీకు పుట్టే చోటు కనిపించాలంటే ఇంజిన్ శుభ్రంగా ఉండాలి. చల్లారాక డీగ్రీజర్ కొట్టి, బ్రష్‌తో రుద్ది తుడిపించండి. ఆల్టర్నేటర్, వైరింగ్ మీద ప్రెషర్ నీళ్లు కొట్టనివ్వకండి. ఆరాక ముప్పై నలభై కిలోమీటర్లు నడిపి టార్చ్‌తో పై నుంచి కిందికి చూడాలి. అన్నిటికంటే పైన ఎక్కడ తడి ఉందో అదే అసలు చోటు. అనుమానం ఉన్న అతుకు మీద టాల్కం పౌడర్ చల్లితే సన్నటి లీకు కూడా గీతలా కనబడుతుంది. కొన్ని వర్క్‌షాపుల్లో ఆయిల్‌లో రంగు కలిపి యూవీ లైట్‌తో చూస్తారు, అది ఇంకా నమ్మకం.

దొరికే దొంగలు తరచూ చిన్నవే. ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ రబ్బరు వేడికి ఎండి గట్టిపడుతుంది, ప్యాకింగ్ మారిస్తే సరి. స్పార్క్ ప్లగ్ గుంటల్లో ఆయిల్ నిలిచి ఉంటే అక్కడి సీళ్లూ చూడాలి. ఈమధ్యే సర్వీస్ అయిన కారైతే ముందు ఫిల్టర్ చూడండి. పాత ఫిల్టర్ రబ్బరు ఇంజిన్‌కే అంటుకుపోయి, దాని మీదే కొత్తది బిగిస్తే లీకు ఖాయం. డ్రెయిన్ నట్టు వాషర్ మార్చకపోయినా చుక్క పడుతుంది. దాన్ని ఆపాలని నట్టును బలంగా తిప్పితే అల్యూమినియం చాంబర్ మరలు అరిగిపోతాయి. ఆయిల్ ప్రెషర్ స్విచ్ కూడా కారుతుంది, దాన్ని చాలామంది మర్చిపోతారు.

ఇంకొకటి పీసీవీ వాల్వ్. ఇంజిన్ లోపల పుట్టే గ్యాస్ బయటికి పోయే దారి ఇది. మడ్డి పట్టి మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, బాగున్న సీళ్ల నుంచి కూడా ఆయిల్ తోసుకొస్తుంది. అప్పుడు ఎన్ని సీళ్లు మార్చినా కొన్నాళ్లకు మళ్లీ అదే కథ. కాబట్టి ఏ సీల్ మార్చినా ఈ వాల్వ్, దాని పైపు శుభ్రం చేయించాలి. చవకైన పని, కానీ చాలా బిల్లుల్లో కనిపించదు.

ఇవన్నీ పొడిగా ఉండి, గేర్‌బాక్స్ అతుకు దగ్గర మాత్రమే తడి వస్తుంటే అప్పుడు వెనక సీల్ మాట నమ్మొచ్చు. సీల్ ధర తక్కువే, డబ్బంతా గేర్‌బాక్స్ దించి ఎక్కించే కూలీలో పోతుంది. అందుకే దించినప్పుడే క్లచ్ ప్లేట్ కూడా చూపించమనాలి. అరిగి ఉంటే, ఆయిల్ పట్టి ఉంటే అప్పుడే మార్చేస్తే రెండోసారి కూలీ మిగులుతుంది.

ప్యాకింగ్ బదులు సిలికాన్ గమ్ దట్టంగా పూసేవాళ్లను ఆపండి. లోపలికి పిండుకున్న గమ్ ముక్కలు ఊడి ఆయిల్ జల్లెడకు అడ్డం పడొచ్చు. లీకు ఆపుతామనే సీసా మందులు ఎండిన రబ్బరును కొంత మెత్తబరుస్తాయేమో కానీ చిరిగిన ప్యాకింగ్‌ను అతికించలేవు. సొంతంగా చేసుకునేవాళ్లు జాకీ ఒక్కదాన్ని నమ్మి కారు కిందికి దూరొద్దు, స్టాండులు పెట్టాల్సిందే. వేడి సైలెన్సర్ గొట్టం మీద ఆయిల్ పడి పొగ, కాలిన వాసన వస్తుంటే మంట అంటుకునే ప్రమాదం ఉంది, అది వాయిదా వేసే లీకు కాదు.

సౌదీకో దుబాయ్‌కో వెళ్లినవాళ్ల కార్లు నెలల తరబడి కవర్ కింద ఉండిపోతాయి. అలాంటి కారులో సీళ్ల అంచులు ఎండిపోయి, సెలవుకు వచ్చి నడపగానే చెమ్మ కనిపించొచ్చు. చుక్క పడకుండా చెమ్మ మాత్రమే ఉంటే, డిప్‌స్టిక్ చూసుకుంటూ వారం పది రోజులు నడిపి, తగ్గకపోతే అప్పుడు షెడ్డుకు పంపొచ్చు.

సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు ఇంజిన్ మెరిసేలా కడిగి చూపిస్తే సంతోషించకండి. అరగంట నడిపించి, టార్చ్ వేసి ట్యాపెట్ కవర్ అంచులు, గేర్‌బాక్స్ అతుకు మళ్లీ చూడండి. తడి కనిపిస్తే ఆ రిపేర్ ఖర్చు ధరలోంచి తగ్గించమని అక్కడే అడగాలి.