సుగాత్రి మొదలు జయంతి వరకు

ప్రణయ నవల అను మాట వినబడగానే మన ఇండ్లలో సాధారణముగా రెండు పక్షములు ఏర్పడును. పెద్దవారు, అందులోను మగవారు, అవి ఆడపిల్లలు ప్రొద్దుపుచ్చుటకు చదివెడి పుస్తకములని తేల్చివేయుదురు. ఆడవారు ఆ మాటకు జవాబు చెప్పరు. పుస్తకమును దిండు క్రింద దాచి, వంటిల్లు సర్దుకొన్న తరువాత, విడిచిన పుట నుండి మరల చదువనారంభింతురు. వీరిలో ఎవరిది న్యాయమని అడిగినచో వెంటనే తీర్పు చెప్పుట కష్టము. ముందుగా ఒక సంగతి గుర్తు చేసికొనవలెను. తెలుగులో కల్పిత ప్రణయ కథకు దీర్ఘమైన చరిత్ర ఉన్నది. అందులో రెండు ముఖ్య ఘట్టములు మన నంద్యాల, కర్నూలు ప్రాంతములకు సంబంధించినవి. కరువులకు, కక్షలకు పేరుపడిన ఈ నేలకు ప్రేమకథతో ఏమి పని అని ఆశ్చర్యపడువారు ఉందురు. పని ఉన్నదనియు, నేటి ప్రణయ నవలను కొలుచుటకు కావలసిన కొలత సైతము ఇచ్చటనే దొరకుననియు చెప్పుట ఈ ప్రసంగము ఉద్దేశము.

పదునారవ శతాబ్దపు మధ్యభాగమున పింగళి సూరన కళాపూర్ణోదయమను కావ్యమును వ్రాసి నంద్యాల కృష్ణమరాజునకు అంకితమిచ్చినాడు. అప్పటి కవులు సామాన్యముగా పురాణముల నుండి యొక చిన్న కథను తీసికొని దానిని వర్ణనలతో పెంచుచుండిరి. సూరన ఆ దారి విడిచినాడు. ద్వారకలోని కలభాషిణి నలకూబరుని కోరుట, మణికంధరుని తపస్సు, ఆ కలభాషిణియే మరుజన్మలో మధురలాలసయై కళాపూర్ణుని చేపట్టుట - ఈ అల్లికయంతయు చాలవరకు ఆయన స్వకపోలకల్పితమే. ముందు జరిగినదానిని తరువాత చెప్పి, ఒక ముడిలోనికి మరియొక ముడిని చేర్చి, చదువరి కుతూహలమును కడదాక నిలిపినాడు. కట్టమంచి రామలింగారెడ్డిగారు కవిత్వతత్త్వవిచారములో ఈ కావ్యమును ప్రత్యేకముగా ఎన్నుకొని చర్చించినారు. 2002లో దీనిని ఇంగ్లీషులో ప్రకటించిన వెల్చేరు నారాయణరావుగారు, డేవిడ్ షుల్మన్‌గారు దీనిని నవలగా చదువవచ్చునని వాదించినారు.

ఈ కావ్యములో సుగాత్రీ శాలీనుల కథ యొకటి ఉన్నది. నేటి మన విషయమునకు అది మిక్కిలి అవసరము. సుగాత్రి కాశ్మీర దేశమున శారదాదేవి ఆలయపు అర్చకుని కూతురు. శాలీనుడు ఆమె భర్త. పెద్దలు ఆమెను నగలతో, పూవులతో, పట్టుచీరతో అలంకరించి భర్త గదిలోనికి పంపుదురు. అతడు ఆమె వంక కన్నెత్తి చూడడు. ఇంటిల్లిపాదికిని ఇది చింత అగును. శాలీనుడు తోటపనిలో మునిగియుండును. ఒకనాడు సుగాత్రి నగలన్నియు తీసివైచి, భర్తకు సాయముగా తోటలోనికి వచ్చి, అతనితో పాటు తానును పనిచేయును. చెమటపట్టి, జుట్టు చెదరి, మట్టిచేతులతో ఉన్న ఆ భార్యను చూచినప్పుడు శాలీనునికి ప్రేమ కలుగును. నాలుగువందల ఏండ్లకు మించిన నాడు, రాజసభ కొరకు వ్రాసిన కావ్యములో, కవి చెప్పిన మాట ఇది. నగలు చేయలేని పనిని కలిసి చేసిన తోటపని చేసినది.

సూరన నాటికిని అచ్చుయంత్రపు నాటికిని నడుమ మన ప్రబంధములు తాటాకులలోనే బ్రదికినవి. ఆ తాటాకులను సేకరించి, ప్రతులు వ్రాయించి, పాఠములు పోల్పించిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను కడపలో పండితులను పోషించి ఆ పనిని సాగించినాడు. ఆయన బంగళా ఉండిన చోట నేడు ఆయన పేరిట భాషాపరిశోధన కేంద్రము నడచుచున్నది. పాత కథలు అచ్చులోనికి వచ్చుటకు ఇటువంటి శ్రమ తోడ్పడినది. క్రొత్త కథ పుట్టుటకు మాత్రము మరియొక ప్రేరణ కావలసివచ్చినది.

ఆ ప్రేరణ బంగాళము నుండి వచ్చినది. లార్డు మేయో గవర్నరు జనరలుగా ఉన్న దినములలో, ఆ దేశపు జనుల ఆచార వ్యవహారములను తెలుపు వచన గ్రంథము వ్రాసినవారికి బహుమానమిత్తుమని బంగాళా గెజిటులో ఒక ప్రకటన వెలువడినది. దానిని చూచిన నరహరి గోపాలకృష్ణమ చెట్టిగారు తెలుగువారి ఆచారములను చూపు కథ యొకటి ఏల ఉండరాదని తలచి, 1872లో శ్రీరంగరాజ చరిత్రము ప్రకటించినారు. దానికి సోనాబాయి పరిణయమని మారుపేరు. చెట్టిగారు కర్నూలు జిల్లాలో డిప్యూటీ కలెక్టరుగా పనిచేసినవారు. తమ గ్రంథమును వారు నవలయని పిలువలేదు. అప్పటికి ఆ మాటయే మనకు లేదు. నవీన ప్రబంధమని పిలిచినారు. రంగరాజునకును లంబాడీల నడుమనున్న సోనాబాయికిని గల ప్రణయము దాని ఇతివృత్తము. ఎడ్లపై ఉప్పు, ధాన్యము వేసికొని ఊరూర తిరిగెడి లంబాడీలు మన ప్రాంతపు బాటలలో ప్రతిదినము కనబడిన జనమే. వారి నడుమ ఒక కథానాయికను నిలుపవలెనని ఒక సర్కారు ఉద్యోగికి తోచుట చిన్న విషయము కాదు. కందుకూరి వీరేశలింగంగారి రాజశేఖర చరిత్రము 1878లో గాని రాలేదు. ఈ రెంటిలో ఏది తొలి నవల అను చర్చ పండితులలో ఎంతో కాలము నడచినది. ఏ పక్షము వహించినను, తెలుగు వచన కథ తొలి అడుగులలోనే ప్రణయమును పట్టుకొన్నదన్న సంగతి నిలుచును.

సోనాబాయి పరిణయము వెలువడిన నాలుగేండ్లకే ధాత కరువు వచ్చినది. 1876 మొదలు 1878 వరకు సాగిన ఆ కరువున కర్నూలు, కడప, బళ్ళారి జిల్లాలు నాశనమైనవి. ఆ తరువాత 1886లో ఈ చెట్టిగారే కర్నూలు జిల్లా స్థితిగతులను వివరించు మాన్యువలును ఇంగ్లీషులో కూర్చినారు. ప్రేమకథ వ్రాసిన చేతికే జిల్లా లెక్కలు వ్రాయు పనియు పడినది. మన సీమలో ఆ రెండును ఎన్నడును దూరదూరముగా ఉండలేదు.

అటుతరువాత దాదాపు ఎనుబది ఏండ్ల వరకు ప్రణయ నవల తెలుగు ఇండ్లలో వెల్లువగా ప్రవహింపలేదు. కారణము రచయితల అశక్తత కాదు. ప్రేమకథకు ఇరువురు కావలెను. ఆ ఇరువురికిని తమంతట తాము ఎన్నుకొను వయస్సును, చనువును ఉండవలెను. అక్షరములు వచ్చుటకు ముందే ఆడపిల్లకు పెండ్లి చేసెడి సమాజములో ఆమె కథానాయిక ఎట్లగును? 1929లో శాసనమై మరుసటి సంవత్సరము అమలులోనికి వచ్చిన శారదా చట్టము ఆడపిల్ల పెండ్లికి కనీస వయస్సు 14 ఏండ్లని నిర్ణయించినది. 1978లో అది 18 అయినది. ఈ రెండు తేదీల నడుమనే ఆడపిల్ల బడికి పోయినది, కాలేజీకి పోయినది, అక్కడక్కడ ఉద్యోగమునకును పోయినది. కర్నూలులో జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి వంటివారు ఊరూర గ్రంథాలయములు, వయోజన విద్య అని తిరిగి ప్రచారము చేసిన ఫలితము కూడ ఇందులో ఉన్నది. చదువగల ఆడది ఏర్పడిన తరువాతనే ఆమె కొరకు వ్రాయు రచయిత్రి ఏర్పడినది.

1960 దశకమున ఆ వెల్లువ వచ్చినది. వారపత్రికలు, మాసపత్రికలు పోటీపడి ధారావాహికలు ప్రకటించినవి. చౌక పాకెట్ పుస్తకములు బజారులోనికి వచ్చినవి. అద్దె పుస్తకముల దుకాణములు వెలసినవి. యద్దనపూడి సులోచనారాణి గారి సెక్రటరీ ఆ దశకపు మధ్యభాగమున జ్యోతి మాసపత్రికలో ధారావాహికగా వచ్చి ఇంటింటి మాట అయినది. కోడూరి కౌసల్యాదేవిగారి చక్రభ్రమణము 1964లో డాక్టర్ చక్రవర్తిగా, ప్రేమనగర్ 1971లో అదే పేరుతో చలనచిత్రములైనవి. యద్దనపూడివారి జీవన తరంగాలు, మీనా 1973లోను, సెక్రటరీ 1976లోను తెరకెక్కినవి. కాగితముపై చదివినవారు తెరపై చూచిరి. తెరపై చూచినవారు మరల పుస్తకమునకు వచ్చిరి.

ఒక చదువరిగా ఈ నవలలను గూర్చి నాకు తోచినది చెప్పెదను. వీనిలో లోపములు లేవనలేము. కథానాయకుడు తరచు ధనవంతుడు, ఆజానుబాహువు, పెద్ద కారుకు యజమాని. ఒక్క మాట అడిగినచో తీరిపోయెడి అపోహ నూరు పుటలు సాగును. ముఖ్యమైన లోపము మరియొకటి. ఈ నవలలలో నీళ్ళకై ఎవరును వేచియుండరు. జమ్మలమడుగులో, ఆదోనిలో, పత్తికొండలో వేసవి వచ్చినచో ఇల్లాలికి బిందె తలపే మొదటి తలపు. ఆ బిందె ఈ నవలలోని బంగళా వాకిట ఎక్కడను కనబడదు. కొళాయి త్రిప్పుట సైతము వర్ణింపబడదు. నీళ్ళు ఉండనే ఉండును.

అయినను పెద్దల తీర్పుతో నేను ఏకీభవింపలేను. సెక్రటరీలోని జయంతిని తీసికొనుడు. పేదపిల్ల. ఉద్యోగము కొరకు ఇల్లు దాటినది. యజమాని రాజశేఖరము ధనమునకుగాని, రూపమునకుగాని వెంటనే లొంగదు. తన గౌరవమునకు భంగము కలిగినదని తోచినప్పుడు మెడ వంచదు. ఆమె అనుమానము సరియా కాదా అన్నది వేరు మాట. ఈ మనిషి నాకు తగునా అని ఆమె తనలో తాను విచారించుకొనును. ఆ విచారణకు రచయిత్రి నవలలో చోటిచ్చినది. పెండ్లిచూపులలో తలవంచి కూర్చుండి, పెద్దలు నిర్ణయించినదానికి సరేయన్న ప్రొద్దుటూరి ఇల్లాలికి ఆ విచారణ ఎంత విలువైనదో మనము ఊహింపవచ్చును. ఆమెకు బంగళాలు కల్లలని తెలియదా? బిందె మోయు మనిషికి ఆ సంగతి ఒకరు చెప్పవలెనా? ఆమె చదివినది బంగళా కొరకు కాదు. ఒక ఆడపిల్లను నీ ఇష్టమేమి అని అడుగు ఘట్టము కొరకు చదివినది. తనను ఎవరును అడుగలేదు గనుక, అడిగిన చోటును వెదకుకొన్నది. దీనిని ప్రొద్దుపుచ్చుట యని కొట్టివేయుట న్యాయము కాదు.

మన సీమ రచయితలు ఆ ఇల్లాలికి ఏమిచ్చినారని కూడ అడుగవలెను. కేతు విశ్వనాథరెడ్డిగారి వంటి కడప జిల్లా కథకులు ఈ నేల సేద్యమును, వలసలను, మారుచున్న పల్లెను ఎంతో నిజాయితీతో చిత్రించినారు. ఆ సాహిత్యము మనకు గర్వకారణము. అందులో కరువు, కక్షలు ప్రధానమై ప్రణయము వెనుకబడినది. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డిగారి కొండపొలం ఇందుకు మంచి తార్కాణము. కరువుకాలమున గొఱ్ఱెలను నల్లమల అడవిలోనికి తోలుకొనిపోయిన కాపరుల కథ అది. 2019లో తానా బహుమతి పొందినది. 2021లో అది చలనచిత్రమైనప్పుడు నవలలో లేని ప్రేమకథ యొకటి చేర్పబడినది. మేలుకీడులు అటుంచి, ఈ చేర్పు మనకొక సంగతి తెలుపును. ప్రేక్షకుడు కరువు కథలో కూడ ఒక జంటను వెదకుచున్నాడు. ఆ జంట మన పల్లెలలో లేకపోలేదు. వేరుసెనగ చేలలో కాయలు పెరికెడి ఆలుమగలలో ఉన్నది, వాన మొగము చూచి ఒకరి నొకరు ఓదార్చుకొనువారిలో ఉన్నది, పిల్లలను అవ్వల వద్ద విడిచి పనులకై పట్టణములకు కలిసి పోవువారిలో ఉన్నది.

ఇక కొలత మాట. పల్లె కథ గొప్పది, బంగళా కథ తక్కువది యని విభజించుట తేలిక. సుగాత్రి కథ దానికంటె మంచి కొలతను ఇచ్చుచున్నది. శాలీనుడు భార్యను చూచుటకు ముందే ఆమె అందగత్తె. అలంకారమును తక్కువ కాదు. అతనికి ఆమె మనిషిగా కనబడినది తోటలోనే. నవలలోని జంట ఒకరి నొకరు మనుష్యులుగా ఎక్కడ చూచుకొన్నారు? పిల్ల ఉద్యోగము పెండ్లి వరకు వేళాకోళమా, లేక పెండ్లి తరువాత కూడ నిలుచునా? ఆమె ఇష్టమును అడిగినవాడు కడపటి పుట తరువాత కూడ అడుగునా? ఈ ప్రశ్నలకు నిలిచిన నవల మంచి నవల. అందులో కారు ఉన్నను, ఎద్దులబండి ఉన్నను అభ్యంతరము లేదు.

పెద్దలకు ఒక విన్నపము. మీ ఇంటిలో దిండు క్రింద ఉన్న పుస్తకమును ఒకమారు మీరును తీసి చదువుడు. చదివిన తరువాత, అందులో ఏ ఘట్టము నచ్చినదని మీ ఇల్లాలిని అడుగుడు. ఆమె చెప్పు జవాబు ఆ నవలను గూర్చి కొంతయు, మీ ఇంటిని గూర్చి కొంతయు తెలుపును. నంద్యాల ప్రభువు సభలో సూరన చదివిన కథ ఇంకను ఎందుకు పాతబడలేదో అప్పుడు సులభముగా బోధపడును.