దల్లీ రాజహరా: భిలాయ్‌కి ఇనుమిచ్చిన కొండలకు ఆ రంగులు ఎక్కడివి?

భిలాయ్ నుంచి దక్షిణంగా దాదాపు 90 కిలోమీటర్లు వెళితే ఛత్తీస్‌గఢ్‌లోని బాలోద్ జిల్లాలో దల్లీ రాజహరా వస్తుంది. అక్కడి కొండలను మెట్లు మెట్లుగా తవ్వేశారు. తవ్విన గోడల్లో జేగురు ఎరుపు, ఉక్కు బూడిద రంగు, పసుపు, గోధుమ చారలు ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి. భిలాయ్ ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. దశాబ్దాల పాటు ఆ కర్మాగారానికి ఇనుప ఖనిజం ప్రధానంగా ఈ కొండల నుంచే వెళ్లింది.

సముద్రం అడుగున పుట్టిన రాయి

ఈ రాళ్ల వయసు 200 కోట్ల ఏళ్లకు పైమాటే. అప్పట్లో సముద్రపు నీటిలో ఇనుము కరిగి ఉండేది. గాలిలో ఆక్సిజన్ దాదాపు లేదు. సూర్యరశ్మితో ఆహారం తయారుచేసుకునే సూక్ష్మజీవులు ఆక్సిజన్‌ను విడుదల చేయడం మొదలుపెట్టాక, అది ఇనుముతో కలిసి ఒక రకమైన తుప్పుగా మారి అడుగుకు చేరిందని శాస్త్రవేత్తలు ఎక్కువగా చెప్పే వివరణ. ఇనుము ఒక పొర, సిలికా ఒక పొరగా పేరుకుని చారల రాయి తయారైంది. దాన్ని భూగర్భ శాస్త్రంలో బ్యాండెడ్ హెమటైట్ క్వార్ట్‌జైట్ అంటారు.

తర్వాత భూమి పొరలు ముడతలు పడి పైకి లేచాయి. కోట్ల ఏళ్ల పాటు ఇంకిన నీరు సిలికాను కరిగించి తీసుకుపోయిన చోట ఇనుము చిక్కబడింది. చారల రాయిలో సుమారు మూడో వంతు ఉండే ఇనుము, మేలైన ఖనిజంలో 60 శాతం దాటడానికి కారణం అదే.

ఏ రంగు ఏ ఖనిజానిది?

మెరిసే బూడిద రంగు గట్టి హెమటైట్‌ది. దాన్నే పొడి చేస్తే ఎర్రగా మారుతుంది. టైల్ వెనుక గరుకు వైపున గీస్తే ఎర్రటి గీత పడుతుంది. పసుపు, గోధుమ రంగులు నీటి అంశం కలిసిన గోథైట్, లిమొనైట్‌లవి. ఇటుక రంగు గట్టి చారలు జాస్పర్ అనే సిలికావి. హెమటైట్ అంతే పరిమాణంలో ఉన్న మామూలు తెల్ల రాయికి దాదాపు రెట్టింపు బరువు తూగుతుంది.

టాటాలు వదిలేసిన కొండ

ఇక్కడి ఖనిజాన్ని 1880ల్లో భూగర్భ శాస్త్రవేత్త ప్రమథనాథ్ బోస్ గుర్తించారు. 20వ శతాబ్దం తొలి ఏళ్లలో దొరాబ్జీ టాటా, అమెరికా నిపుణుడు సి.ఎం. వెల్డ్ వచ్చి చూశారు. ఖనిజం బాగుంది కానీ, కర్మాగారానికి కావాల్సిన బొగ్గు, నీరు దగ్గర్లో కుదరలేదు. 1904లో బోస్ రాసిన లేఖతో టాటాల చూపు మయూర్‌భంజ్ వైపు మళ్లింది. అలా మిగిలిపోయిన కొండలు సోవియట్ సహకారంతో వచ్చిన భిలాయ్‌కి దక్కాయి.

తొలి దశాబ్దాల్లో ఈ రాయిని పగలగొట్టి, ఎత్తి, లారీలకు నింపింది ఎక్కువగా కాంట్రాక్టు కూలీలే. వారిలో ఆదివాసీ మహిళలు చాలామంది. 1977లో శంకర్ గుహ నియోగి నాయకత్వంలో వారు సంఘం పెట్టుకున్నారు. అదే ఏడాది జూన్‌లో పోలీసు కాల్పుల్లో 11 మంది చనిపోయారు. కార్మికులు సొంత చందాలతో కట్టుకున్న షహీద్ ఆస్పత్రి 1983లో మొదలైంది.

ఇక మిగిలిందెంత?

మేలైన ఖనిజం తరిగిపోతోంది. సిలికా ఎక్కువున్న రాయిని శుద్ధి చేయాలంటే నీరు, ఖర్చు పెరుగుతాయి, బురద మిగులుతుంది. అందుకే భిలాయ్ చూపు రావ్‌ఘాట్ కొండల మీద పడింది. అక్కడికి దల్లీ రాజహరా నుంచి 95 కిలోమీటర్ల రైలు మార్గం తలపెట్టారు. ఆ కొండల చుట్టూ అడవి, ఆదివాసీ గ్రామాలు ఉన్నాయి. తవ్వకాలపై అక్కడ ఏళ్లుగా వ్యతిరేకత ఉంది.

చూడాలనుకుంటే

దుర్గ్ నుంచి దల్లీ రాజహరాకు రైలు ఉంది. గనుల్లో పేలుళ్లు, భారీ డంపర్ల రాకపోకలు ఉంటాయి కాబట్టి అనుమతి లేకుండా లోపలికి వెళ్లకూడదు. ఊళ్లోంచి చూసినా మెట్ల చారలు తెలుస్తాయి. వాన పడ్డాక రంగులు మరింత స్పష్టంగా కనిపిస్తాయి.