భుజఫలక అపసవ్య చలనం

చెయ్యి ఎత్తి దించేటప్పుడు వీపు పైభాగంలోని రెక్క ఎముక, అంటే భుజఫలకం, లయ తప్పి కదలడమే భుజఫలక అపసవ్య చలనం. వైద్యులు దీన్ని స్కాపులర్ డిస్కైనీసిస్ అంటారు. భుజం నొప్పితో వచ్చేవారిలో ఇది తరచుగా కనిపిస్తుంది. నొప్పికి ఇదే మూలమా, లేక నొప్పి వెంట వచ్చిన మార్పా అన్న ప్రశ్న చుట్టూనే దీని చరిత్ర నడిచింది. ఇంతవరకు దొరికిన ఆధారాలను బట్టి దీన్ని జబ్బుగా కాక, చికిత్సకు దారి చూపే గుర్తుగా ఎంచడమే సమంజసం.

19వ శతాబ్దంలో ఫ్రెంచి శస్త్రవైద్యుడు వెల్పో రెక్క ఎముక వీపు నుంచి పైకి లేచిపోయే స్థితిని వర్ణించాడు. తర్వాత చాలాకాలం దీన్ని నరాల జబ్బుగానే చూశారు. 1934లో కాడ్‌మన్ చేతి ఎముకకు, రెక్క ఎముకకు మధ్య ఉన్న లయను గుర్తించాడు. 1944లో ఇన్‌మన్, సాండర్స్, ఆబట్ దానికి లెక్క కట్టారు: చెయ్యి నిలువుగా పైకి లేచే 180 డిగ్రీలలో సుమారు 120 భుజం కీలువి, 60 రెక్క ఎముకవి. అసలు మలుపు 1998లో వచ్చింది. అమెరికాలోని లెక్సింగ్టన్‌కు చెందిన క్రీడావైద్యుడు బెన్ కిబ్లర్ ఆటగాళ్ల భుజంలో రెక్క ఎముక పాత్రను విపులంగా వివరించి, 2002లో సహచరులతో కలిసి లోపాన్ని రకాలుగా విభజించాడు: ఎముక కింది మూల పొడుచుకు రావడం, వెన్ను వైపు అంచంతా లేవడం, పైఅంచు మెడ వైపు ఎగబాకడం. 2000లో లుడెవిగ్, కుక్ తలపైకి చేతులెత్తి పనిచేసే నిర్మాణ కార్మికులను పరిశీలించారు. నొప్పి ఉన్నవారిలో రెక్క ఎముక పైకి తిరగడం, దాన్ని పక్కటెముకలకు అదిమి ఉంచే సెర్రేటస్ కండరం పనితీరు తగ్గినట్టు తేలింది. 2009లో మెక్‌క్లూర్ బృందం సులువైన పరీక్షను రూపొందించింది: రోగి రెండు చేతుల్లో చిన్న బరువులు పట్టుకుని ముందుకు అయిదుసార్లు, పక్కలకు అయిదుసార్లు ఎత్తుతుంటే పరీక్షకుడు వెనుక నిలబడి గమనిస్తాడు.

వ్యాయామంతో నొప్పి తగ్గుతోంది కాబట్టి లోపమే కారణమని కొందరి వాదన. అయితే 2004లో మెక్‌క్లూర్ బృందమే ఆరు వారాల వ్యాయామం తర్వాత రోగుల నొప్పి తగ్గినా, రెక్క ఎముక కదలిక పెద్దగా మారలేదని చూపింది. నొప్పి లేని ఆటగాళ్లలోనూ ఈ తేడా విరివిగా కనిపిస్తుంది. అలాగైతే పరీక్షే దండగ అనడం కూడా సరికాదు. పరీక్షకుడు చేత్తో రెక్క ఎముకను నెట్టి సాయం చేసినప్పుడు నొప్పి తగ్గితే, ఏ కండరాలకు పని చెప్పాలో తెలుస్తుంది. 2013లో వెలువడిన నిపుణుల ఏకాభిప్రాయ ప్రకటన కూడా దీన్ని విడి జబ్బుగా లెక్కించలేదు.

గుర్తునూ జబ్బునూ వేరుచేసి చూసే ఈ విచక్షణ తిరుపతి, చిత్తూరు ప్రాంతానికి ఎంతో అవసరం. చిత్తూరు తోటల్లో చిక్కం కట్టిన గడతో తోతాపురి కాయలు కోసేవారు, తిరుమల కల్యాణకట్టలో గంటల తరబడి చేతులెత్తి పనిచేసే క్షురకులు, బ్రహ్మోత్సవాల్లో వాహనాలను భుజాన మోసేవారు అందరూ భుజం మీదే బతికేవారు. భుజంపై పడే పెద్ద బరువు సెర్రేటస్ కండరానికి వెళ్లే నరాన్ని దెబ్బతీయవచ్చు. అప్పుడు రెక్క ఎముక లేవడం మామూలు అపసవ్య చలనం కాదు, నరాల పరీక్ష తప్పనిసరి. తిరుపతిలో 1985 నుంచి తిరుమల తిరుపతి దేవస్థానం నడుపుతున్న బర్డ్ ఆస్పత్రి, 1993 నుంచి పనిచేస్తున్న స్విమ్స్ ఆస్పత్రి ఇలాంటి రోగులకు అందుబాటులో ఉన్నాయి. రెక్క ఎముక పొడుచుకు వచ్చిందని చూసి భయపడనక్కర్లేదు. అయితే నొప్పి తగ్గకపోయినా, చెయ్యి ఎత్తే బలం సన్నగిల్లినా ఆలస్యం చేయకుండా వైద్యునికి చూపించుకోవాలి.