కోలారు మండలమున అనపకాయ సొగడు

కోలారు మండలమున రాగిచేల నడుమ అనప సాళ్లు విత్తుట తరతరముల ఆచారము. కన్నడిగులు అవరె యని పిలుచు ఈ పైరు కాయపై జిగురువంటి నూనె యూరును. ఆ నూనె గంధమునకే కన్నడమున సొగడు అని పేరు. బంగారు గనులు 2001లో మూతపడినను, రాబర్ట్‌సన్‌పేట సంతకు చలికాలమున అనప మూటలు వచ్చుట మానలేదు. కొనువారు కాయను వాసన చూచిన పిమ్మటనే బేరమునకు దిగుదురు. సొగడు లేనిచో పితికిన పప్పు కూరకు రుచి యేమి?

ఈ గంధము మంచువలన కలుగునని పెద్దల నమ్మిక. నాటు అనప పగటి నిడివి తగ్గినగాని పూయదు. కావున కాపు మంచుకాలముననే చేతికి వచ్చును. అందుచే ఆ నమ్మికను తోసిపుచ్చరాదు. కాని ఒకే చేనిలో, ఒకే మంచులో, ఒక మొక్క కాయలు గుబాళించుచుండగా ప్రక్క మొక్క కాయలు వెలవెలపోవుటకు మంచు కారణము కాజాలదు. అది విత్తు గుణము. అనప చాలవరకు తన పుప్పొడితోనే ఫలించును. వాసనగల మొక్క కాయలను కోయక విత్తనమునకు విడిచినచో ఆ గుణము సంతతిలో నిలుచును. విత్తనము దాచిన ఇల్లాండ్రకు ఇది శాస్త్రము చెప్పకయే తెలియును.

ఆంగ్లమున జన్యుశాస్త్రమునకు 1905లో పేరుపెట్టిన బేట్సన్, ఆయన సహచరుడు పన్నెట్ ఆ కాలముననే స్వీట్ పీ మొక్కలపై పరిశోధించిరి. అదియు చిక్కుడు కుటుంబములోనిదే. తెల్లపూల మొక్కలు రెండింటిని సంకరము చేయగా పూలు ఊదారంగున పూచినవి; మరుతరమున 9 పాళ్లు రంగుపూలు, 7 పాళ్లు తెల్లపూలు. రంగు పదార్థము తయారగుటకు రెండు జన్యువులు కూడవలెను. ఏ యొక్కటి లోపించినను పూవు తెలుపే. మొక్కలోని రసాయనములు జన్యువుల అదుపున నుండునని తెలిపిన తొలి నిదర్శనములలో ఇది యొకటి.

అనప నూనెలోని ముఖ్య ద్రవ్యములు ట్రాన్స్-2-డోడెసినాయిక్, ట్రాన్స్-2-టెట్రాడెసినాయిక్ ఆమ్లములని 1979లో ప్రకటింపబడినది. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయము 1964లో ఏర్పడిన పిమ్మట, పగటి నిడివితో పనిలేక పూయు హెబ్బాళ అవరె రకములు అచట రూపొందినవి. రైతునకు ఏడాది పొడవున కాపు దక్కినది, మెచ్చదగిన కార్యమే. అయితే వేసవిలో కాచు కాయకు మంచు తోడు లేదు. సొగడంతయు విత్తే తేవలెను. ఆ విత్తునకు గంధమిచ్చు తల్లి మొక్క మాత్రము నేటికిని నాటు అనపయే. అది రాగిచేల సాళ్లలోనే మిగిలియున్నది.